ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగ్‌లో నేల పాత్ర: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వ్యవసాయ విద్యుత్తుపై ఒక పరిశీలన

వ్యవసాయ విద్యుత్ వ్యవస్థలో ట్రాన్స్‌ఫార్మర్, కండక్టరు, ఇన్సులేటరు, స్టార్టరు అన్నీ కర్మాగారంలో తయారై, అక్కడే పరీక్షకు నిలిచి క్షేత్రానికి చేరుతాయి. ఎర్తింగ్ ఒక్కటే ఇందుకు మినహాయింపు. పైపు, తీగ, బోల్టు బయటినుంచి వచ్చినా, లోపంవల్ల పారే విద్యుత్తును తనలో ఇముడ్చుకొనేది ఆ చోటనున్న మట్టి. ఆ మట్టి చల్కానా రేగడా, మొరం ఎంత లోతులో తగులుతుంది, ఏ నెలలో ఎంత తేమ మిగులుతుంది, లవణాలు ఏ మేరకున్నాయి అన్నవి వ్యవసాయ శాస్త్రం నిత్యం వేసుకొనే ప్రశ్నలే. అయినప్పటికీ విద్యుత్ ఇంజినీరింగ్ పాఠాల్లో నేల ఒక అంకెగా మాత్రమే మిగిలింది. వ్యవసాయ విస్తరణ పాఠాల్లో ఎర్తింగ్ ప్రస్తావనే అరుదు. ఈ రెండింటి నడుమ రైతు తడికాళ్లతో స్టార్టరు డబ్బా దగ్గర నిలబడుతున్నాడు.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. వీటిలో అధికభాగం పూర్వపు వరంగల్ జిల్లాకు చెందినదే. భూపాలపల్లి నుంచి 2019లో ములుగు వేరుపడింది. ఈ ప్రాంతానికి విద్యుత్ సరఫరా చేసేది హనుమకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. చెరువులు, శ్రీరాంసాగర్ కాలువలు, దేవాదుల ఎత్తిపోతల నీరు కొంత మేరకు అందుతున్నా, సేద్యానికి ప్రధాన ఆధారం బోరుబావి, దానిని నడిపే త్రీఫేజు మోటారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయింది. అంతకుముందే హెచ్‌వీడీఎస్ పద్ధతి, అంటే 11 కేవీ లైనును పొలాల వరకు తీసుకువెళ్లి అక్కడ 16 లేదా 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను నిలపడం, విస్తరించింది. నష్టాలు తగ్గించడంలో, వోల్టేజి మెరుగుపరచడంలో ఈ పద్ధతి ప్రయోజనం వివాదరహితం. కాని 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటి ఉన్నచోట 25 కేవీఏవి నాలుగు వస్తే, మూడు ఎర్త్ గుంతల స్థానంలో పన్నెండు గుంతలు కావాలి. అవి కూడా ఊరి మధ్య కాక, పొలాల గట్లమీద, దున్నే నాగళ్లకూ మేసే పశువులకూ దగ్గరగా ఉంటాయి.

మూడు గుంతలు, మూడు పనులు

11 కేవీని 433 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎగువవైపు చుట్ట డెల్టా, దిగువవైపు చుట్ట స్టార్ పద్ధతిలో ఉంటాయి. స్టార్ మధ్యబిందువు న్యూట్రల్. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ నిర్దేశించిన ఆనవాయితీ ప్రకారం రెండు స్తంభాల దిమ్మె చుట్టూ మూడు ఎర్త్ పైపులు దిగాలి. ఒకదానికి 11 కేవీ వైపున్న మూడు లైట్నింగ్ అరెస్టర్లు నేరుగా కలుస్తాయి. మిగిలిన రెండింటికీ న్యూట్రల్ నుంచి, ట్రాన్స్‌ఫార్మర్ బాడీ, ఏబీ స్విచ్ పిడి నుంచి, స్తంభాల నుంచి వేర్వేరు తీగలు వస్తాయి. న్యూట్రల్‌కు రెండు వేర్వేరు ఎలక్ట్రోడ్లతో రెండు విడి సంధానాలు తప్పనిసరి అని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలోని 61వ నియమం చెప్పింది. తరువాత 2010లోనూ 2023లోనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చింది.

అదే 61వ నియమంలో విస్తరణ శాస్త్రవేత్తలు గుర్తుంచుకోవలసిన మరొక మాట ఉంది. స్థిరంగా అమర్చిన ప్రతి మోటారు చట్రానికీ రెండు వేర్వేరు ఎర్త్ సంధానాలు ఉండాలి. వాటిని ఏర్పాటు చేయవలసినది యజమాని. అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ సంస్థ బాధ్యత, మోటారు ఎర్త్ రైతు బాధ్యత. మొదటిదానికి కొలతలు, పట్టికలు, తనిఖీలు ఉన్నాయి. రెండవదానికి పలుచోట్ల స్టార్టరు పక్కన గుచ్చిన ఒక ఇనుపచువ్వ తప్ప మరేమీ లేదు. చాలాచోట్ల అదీ లేదు.

ఎర్తింగ్ లోపించిందని ఎలా తెలుస్తుంది? తెలియదు అన్నదే ఈ విషయంలోని అసలు ప్రమాదం. ఫ్యూజు పోతే మోటారు ఆగుతుంది, ఆయిలు కారితే మరక కనిపిస్తుంది. ఊళ్లో ఇళ్లకు సరఫరా చేసే ట్రాన్స్‌ఫార్మర్‌లో న్యూట్రల్ సడలితే ఒక వీధిలో దీపాలు మసకబారి, మరొక వీధిలో టీవీలు కాలిపోతాయి. గంటలో ఫిర్యాదు వస్తుంది. పొలంలోని ట్రాన్స్‌ఫార్మర్‌పై ఉన్నవన్నీ త్రీఫేజు మోటార్లే. అవి మూడు ఫేజులనుంచీ దాదాపు సమానంగా విద్యుత్తు తీసుకుంటాయి కనుక వాటికి న్యూట్రల్‌తో పనిలేదు. ఎర్త్ తీగ తెగి ఆరునెలలైనా మోటారు యథాప్రకారం నీళ్లు పోస్తుంది. తీగ తెగిన సంగతి మొదట తెలిసేది, లోపమేర్పడిన నాడు డబ్బాను తాకిన చేతికే.

నేల లెక్క

ఒక పైపు ఎలక్ట్రోడు నిరోధం రెండింటిపై ఆధారపడుతుంది: పైపు పొడవు, నేల విశిష్ట నిరోధం. పైపు వ్యాసం పాత్ర స్వల్పం. ఐ.ఎస్. 3043 భారత ప్రమాణం ప్రకారం పైపు కనీసం 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో, 2.5 మీటర్లకు తగ్గని పొడవుతో ఉండాలి. సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మీటర్ల పొడవుగల పైపుకు ప్రామాణిక సూత్రాన్ని అన్వయిస్తే, నేల విశిష్ట నిరోధాన్ని ఓం-మీటర్లలో తీసుకొని 0.35తో గుణించగా వచ్చేదే ఎలక్ట్రోడు నిరోధం. విశిష్ట నిరోధం 20 ఓం-మీటర్లున్న తడి రేగడిలో అది 7 ఓంలు. 100 ఓం-మీటర్లున్న ఎర్రనేలలో 35 ఓంలు. ఎండిన ఇసుక చల్కాలో విశిష్ట నిరోధం 300కు చేరితే 105 ఓంలు. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కు సాధారణంగా ఆశించే హద్దు 5 ఓంలు. ఒకే పైపు, ఒకే తీగ, ఒకే మేస్త్రీ పని; నేలనుబట్టి ఫలితం పదిహేను రెట్లు మారుతోంది.

పైపు వ్యాసాన్ని రెట్టింపు చేస్తే నిరోధం ఎనిమిదో వంతు మాత్రమే తగ్గుతుంది. పొడవును 5 మీటర్లకు పెంచితే దాదాపు 44 శాతం తగ్గుతుంది. లావుపాటి పైపు వేసి సంతృప్తి చెందడంకంటే సన్నని పైపునే లోతుకు దించడం మేలని ఈ లెక్క చెబుతుంది.

మరొక అంశం. ఈ నిరోధమంతా భూమిలో సమంగా పరచుకొని ఉండదు. పైన చెప్పిన పైపు విషయంలో దాదాపు సగం నిరోధం పైపు చుట్టూ ఒక అడుగు మందాన ఉన్న మట్టిలోనే ఉంటుంది. కరెంటు పైపునుంచి వెలుపలికి వ్యాపించేకొద్దీ దానికి దొరికే మట్టి వైశాల్యం పెరుగుతుంది. మొదటి అడుగులోనే దారి ఇరుకు. గుంత తవ్వి, ఆ కొద్దిపాటి మట్టిని మార్చడంలోని తర్కమంతా ఇదే. కుండీలో మొక్కకు మట్టి సిద్ధం చేసినట్లు, ఎర్త్ పైపుకు కూడా వేరు మండలం వంటిది ఒకటి సిద్ధం చేయవచ్చు.

మట్టిరేణువులు తమంతట తాము విద్యుత్తును దాదాపు ప్రసరింపజేయవు. రేణువుల మధ్య ఖాళీల్లోని నీటిలో కరిగిన అయాన్లు, బంకమట్టి రేణువుల ఉపరితలాన్ని అంటిపెట్టుకొన్న అయాన్లు ఆ పని చేస్తాయి. అందువల్ల తేమ, లవణాలు, బంకమట్టి శాతం, ఉష్ణోగ్రత ఈ నాలుగే విశిష్ట నిరోధాన్ని నిర్ణయిస్తాయి. నేల తేమ బరువులో 20 శాతానికి పైనుంటే విశిష్ట నిరోధంలో పెద్దగా మార్పుండదనీ, అంతకు తగ్గితే కొద్దిపాటి తేమ నష్టానికే నిరోధం నిట్టనిలువుగా పెరుగుతుందనీ ఐ.ఎస్. 3043 పేర్కొంటుంది. ఇంజినీరు ఈ వాక్యాన్ని చదివి గుంతలో నీరు పోయమంటాడు. సేద్య శాస్త్రం చదివినవారికి ఇందులో మరొక చిక్కు కనిపించాలి. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న చల్కా నేలల క్షేత్ర జలధారణ సామర్థ్యమే సాధారణంగా 15 శాతానికి అటూఇటుగా ఉంటుంది. అంటే ఎన్ని బిందెలు పోసినా, అదనపు నీరు ఇంకిపోయిన రెండుమూడు రోజులకు ఆ నేల తిరిగి 20 శాతం కంటే కిందనే నిలుస్తుంది. చల్కాలో నీరు పోయడం ఉపశమనమే కాని పరిష్కారం కాదు; అక్కడ మారవలసినది మట్టి.

చల్కా, రేగడి, గోదావరి ఒడ్డు

జనగామ జిల్లాలో అధికభాగం గ్రానైటు, నైసు శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్రచల్కాలు. బచ్చన్నపేట, నర్మెట, దేవరుప్పుల వైపు మెట్ట పొలాల్లో మీటరు లోతులోపే మొరం, దానికింద సగం కుళ్లిన రాయి తగలడం మామూలు. 2.5 మీటర్ల పైపును నిలువునా దించడం అక్కడ కష్టసాధ్యం. గడ్డపారకు రాయి తగిలినచోట పని ఆపి, మిగిలిన పైపును కోసివేయడమో ఏటవాలుగా పాతడమో జరిగితే పైకి ఏమీ కనిపించదు. పూడ్చిన తరువాత గుంత గుంతలాగే ఉంటుంది. మీటరు లోతు పైపు నిరోధం అదే నేలలో 2.5 మీటర్ల పైపు నిరోధానికి రెట్టింపుకన్నా ఎక్కువ. పైగా ఆ మీటరు లోతు మట్టే ఫిబ్రవరి నుంచి మే వరకు తేమను ముందుగా కోల్పోయేది.

తెలంగాణ నేలల క్రమం తెలిసినవారికి ఇక్కడ ఒక మార్గం కనిపిస్తుంది. మెరకన ఎర్ర చల్కా, వాలున దుబ్బ, పల్లాన నల్లరేగడి లేదా ఒండ్రు. ఈ వరుస చాలా గ్రామాల్లో కొద్ది వందల మీటర్లలోనే పూర్తవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను లైను వెళ్లేచోట, వాహనం చేరేచోట నిలుపుతారు. అది మెరకే అవుతుంది. కాని ఎర్త్ ఎలక్ట్రోడు సరిగ్గా దిమ్మె కాళ్ల దగ్గరే ఉండాలన్న నియమం న్యూట్రల్‌కూ బాడీకీ లేదు. జి.ఐ. పట్టీని నాగలికి అందని లోతులో పాతి, ఇరవై ముప్పై మీటర్ల దిగువన వరిమడి గట్టు పక్కకో, నీటికాలువ అంచుకో తీసుకువెళ్లి అక్కడ పైపు దించవచ్చు. పాతిన పట్టీ తానూ ఒక ఎలక్ట్రోడుగా పనిచేస్తుంది. లైట్నింగ్ అరెస్టర్ విషయంలో మాత్రం దూరం పనికిరాదు. దాని కారణం ముందు వస్తుంది.

మహబూబాబాద్ జిల్లాలో పరిస్థితి మిశ్రమం. కాలువ, చెరువు ఆయకట్టుల్లో భూగర్భజలం పైకి ఉండి ఎర్త్‌కు అనుకూలిస్తుంది. తండాల చుట్టూ ఉన్న మెట్టల్లో జనగామ చల్కాల చిక్కులే ఉంటాయి. ఒకే ఫీడరు మీద ఈ రెండూ ఉన్నప్పుడు ఒకచోటి కొలతను చూసి మరొకచోటు బాగున్నదనుకోవడం తప్పు.

భూపాలపల్లి జిల్లా గోదావరి లోయలోకి వస్తుంది. సింగరేణి బొగ్గునిచ్చే గోండ్వానా ఇసుకరాళ్లు, వాటిమీద తేలికపాటి ఇసుక నేలలు ఒకవైపు. పత్తి, మిరప పండే రేగళ్లు మరొకవైపు. రేగడి విశిష్ట నిరోధం తక్కువ కనుక అక్కడ ఎర్తింగ్ నిశ్చింత అనే అభిప్రాయం ఉంది. వానాకాలంలో అది నిజమే. కాని రేగడిలోని స్మెక్టైట్ జాతి బంకమట్టి ఎండితే కుంచించుకుపోతుంది; వేసవిలో నెర్రెలు మీటరు లోతుకు కూడా దిగుతాయి. మట్టి నెర్రె విచ్చేది బలహీనమైన చోటనే, మట్టికీ ఇనుముకూ మధ్య అతుకు అలాంటిదే. మట్టి మంచి వాహకమైనా, పైపుకు అది తాకకపోతే ఫలితం లేదు. ఎర్రనేల నిరోధం ఎక్కువైనా మోసం చేయదు, ఏడాదంతా పైపును పట్టుకొనే ఉంటుంది. రేగడి జనవరిలో ఇచ్చిన కొలతను మేలో నిలబెట్టుకోదు.

మూడు జిల్లాలకూ వర్తించే ఒక కాలసంబంధం ఇంకా గమనించాలి. ఈ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో, ఉరుములతో అకాల వర్షాలు వస్తాయి. యాసంగి వరికి కోతకు ముందు నీరు తీసివేసి, మడులు ఎండి, నేల ఏడాదిలోకెల్లా పొడిగా ఉన్న సమయమది. అరెస్టర్‌కు పని పడేది సరిగ్గా అప్పుడే. పిడుగు ప్రభావంతో లైనులో పుట్టిన 5 కిలో ఆంపియర్ల తరంగం 35 ఓంల గుంతలోకి దిగితే అక్కడ 175 కిలోవోల్టులు తలెత్తుతాయి. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ తట్టుకొనే ప్రామాణిక తరంగ వోల్టేజి 75 లేదా 95 కిలోవోల్టులు. అరెస్టర్ నాణ్యమైనదే, పని చేసినదే. అయినా చుట్ట కాలిపోతుంది. తీగ పొడవైనా, వంకరలు తిరిగినా, చుట్టలుగా చుట్టినా తరంగానికి అడ్డు మరింత పెరుగుతుంది. అందుకే అరెస్టర్ తీగ పొట్టిగా, తిన్నగా దిగాలి, దాని గుంత దిమ్మె దగ్గరే ఉండాలి, మూడు గుంతల్లో మొదట మట్టి మార్చవలసినది కూడా దానికే. కొన్ని దేశాల్లో అరెస్టర్ తీగను ట్రాన్స్‌ఫార్మర్ బాడీతో కలిపివేస్తారు. బాడీ, లైను రెండూ కలిసి పైకి లేస్తాయి కనుక ఇన్సులేషన్‌కు ఒత్తిడి తగ్గుతుంది. అయితే న్యూట్రల్ కూడా దానితో కలిస్తే ఆ తరంగం మోటార్ల వైపు ప్రయాణించవచ్చు. ఎర్త్ నిరోధం ఎక్కువగా ఉన్న చల్కాల్లో ఈ రెండు పద్ధతుల మంచిచెడ్డలు తూచవలసినవారు విద్యుత్ ఇంజినీర్లే. ఆ తూకానికి కావలసిన నేల సమాచారం ఇవ్వవలసినవారు వ్యవసాయ శాస్త్రవేత్తలు.

ఎర్త్ వేరు, సంధానం వేరు

స్టార్టరు డబ్బాకు చువ్వ పాతి తీగ కట్టిన రైతు, అంతటితో తాను క్షేమమని నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని లెక్కకు పెట్టి చూడవలసిన అవసరం ఉంది.

ఒక ఫేజు తీగ ఇన్సులేషన్ చెడి డబ్బాకు తగిలిందనుకుందాం. వోల్టేజి 240. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ 5 ఓంలు, మోటారు ఎర్త్ చల్కాలో 35 ఓంలు. కరెంటు ఫేజు తీగద్వారా వచ్చి, డబ్బానుంచి చువ్వద్వారా భూమిలోకి దిగి, భూమిగుండా ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు చేరాలి. దారిలో మొత్తం 40 ఓంలు. పారేది 6 ఆంపియర్లు. ఐదు హెచ్‌పీ మోటారు మామూలుగా పనిచేసేటప్పుడే సుమారు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. లోపంవల్ల పారే కరెంటు మోటారు నిత్యం తీసుకొనే కరెంటుకన్నా తక్కువ! దీనికి ఫ్యూజు ఎప్పటికీ పోదు. డబ్బామీద 6 ఆంపియర్లను 35 ఓంలతో గుణించగా 210 వోల్టులు నిలుస్తాయి, ఎవరో తాకేదాకా. తడిచేతి మనిషి శరీర నిరోధం వెయ్యి ఓంల స్థాయికి పడిపోతుంది; అతనిగుండా పారేది దాదాపు 200 మిల్లీ ఆంపియర్లు. 10 మిల్లీ ఆంపియర్ల వద్ద చేతి కండరాలు బిగుసుకొని పట్టు వదలదు. 30, 40 మిల్లీ ఆంపియర్లు కొద్ది సెకన్లు పారినా గుండె లయ తప్పవచ్చు. చువ్వను మెరుగుపరచి 10 ఓంలకు తెచ్చినా కరెంటు 16 ఆంపియర్లు, డబ్బామీద 160 వోల్టులు. ఇరవై ఆంపియర్ల ఫ్యూజు అప్పటికీ పోదు. చాలాచోట్ల కట్టే రాగితీగ ముక్క సంగతి చెప్పనక్కరలేదు.

ఇదే లోపం, మోటారు చట్రంనుంచి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ వరకు లోహపు తీగ ఉన్నచోట ఏర్పడితే ఏమవుతుంది? 8 నంబరు జి.ఐ. తీగ 150 మీటర్లకు నిరోధం సుమారు 2 ఓంలు. ఫేజు తీగతో, ట్రాన్స్‌ఫార్మర్ లోపలి అడ్డుతో కలిపి రెండున్నర ఓంలనుకుంటే 96 ఆంపియర్లు పారతాయి. ఫ్యూజు తక్షణం పోతుంది. ఆ క్షణంలో డబ్బామీద వోల్టేజి ఈ సందర్భంలో కూడా 190 వరకు ఉంటుంది; తేడా అంతా కాలంలోనే ఉంది. మొదటిచోట ఆ వోల్టేజి రోజుల తరబడి కాచుకొని ఉంటుంది, రెండవచోట రెప్పపాటులో మాయమవుతుంది. చట్రాన్ని భూమికి కలపడం ఎర్తింగ్. చట్రాన్ని సరఫరా మూలానికి లోహమార్గంతో కలపడం సంధానం. ఇంగ్లీషు పాఠ్యగ్రంథాల్లో దీనినే బాండింగ్ అంటారు. మొదటిది మట్టిని నమ్ముకొంటుంది, రెండవది తీగను.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. రైతు తనంతట తాను డబ్బాను న్యూట్రల్‌కు కలపరాదు. ఆ న్యూట్రల్ ఎగువన తెగిందంటే, దానిమీద ఆధారపడిన చట్రాలన్నీ ఒక్కసారిగా జీవతీగలవుతాయి. న్యూట్రల్‌ను దారిపొడుగునా పలుచోట్ల ఎర్త్ చేసిన తరువాతే అటువంటి సంధానం క్షేమం. ఆ నిర్ణయం, ఆ పని పంపిణీ సంస్థవి. పైగా మోటారుకు న్యూట్రల్ అవసరం లేదు కనుక చాలా సర్వీసులకు మూడు తీగలే వస్తాయి. బోరులోకి దిగే బల్లపరుపు కేబులులో కూడా మూడు తీగలే. ఎర్త్‌కు నాలుగోది ఉండదు. పూర్వం జి.ఐ. పైపులు దింపిన రోజుల్లో భూగర్భజలంలో మునిగిన పంపు, దాని ఇనుప పైపులు కలిసి ఎవరూ ఉద్దేశించని మంచి ఎర్త్‌గా పనిచేసేవి. బోరు నీటిని తాకే అంత లోతైన ఎలక్ట్రోడును ఎవరూ ప్రత్యేకించి పాతలేరు. తేలికగా ఉంటాయని, తుప్పుపట్టవని హెచ్‌డీపీఈ పైపులు వచ్చాక ఆ దారి తెగిపోయింది. పైపు మార్చిన రైతుకు ఈ సంగతి చెప్పినవారు లేరు.

చల్కా నేలల్లో రైతు స్థాయిలో ఆచరణసాధ్యమైన రక్షణ భూమిలోకి కారే కరెంటును గుర్తించి సరఫరాను ఆపే ఈఎల్‌సీబీ. అది మూడు ఫేజుల్లో వెళ్లిన, వచ్చిన కరెంట్ల మొత్తాన్ని పోలుస్తుంది. తేడా 100 మిల్లీ ఆంపియర్లకు చేరితే తెగుతుంది. 35 ఓంల చువ్వతో డబ్బామీద అప్పటికి మూడున్నర వోల్టులే. చువ్వ నిరోధం 500 ఓంలున్నా 50 వోల్టులు దాటదు. ఫ్యూజుకు 2 ఓంల దారి కావాలి, దీనికి 500 ఓంలు చాలు. చల్కా నేలకు ఇంతకన్నా తగిన పరికరం లేదు. పాతబడిన మోటార్లలో ఎప్పుడూ కొంత కరెంటు కారుతుంటుంది, అప్పుడు ఇది మాటిమాటికీ పడిపోతుంది, రైతు విసుగుచెంది తప్పించివేస్తాడు. ఆ పడిపోవడం పరికరం లోపం కాదనీ, మోటారు చుట్ట చెడుతున్నదన్న కబురనీ వివరించడం విస్తరణ పనిలో భాగం.

పశువుల విషయం వేరే చెప్పవలసి ఉంది. పై ఉదాహరణలో 35 ఓంల పైపుగుండా 6 ఆంపియర్లు పారుతున్నప్పుడు, పైపుకు అరమీటరు దూరంలో ముందుకాళ్లు, రెండు మీటర్ల దూరంలో వెనుకకాళ్లు ఉన్న ఎద్దు కాళ్ల మధ్య సుమారు 48 వోల్టులుంటాయి. అయిదు మీటర్ల అవతల అదే ఎద్దుకు 4 వోల్టులే. మనిషి అడుగు చిన్నది, కరెంటు ఒక కాలినుంచి మరో కాలికి పోతుంది. పశువులో అది ముందుకాళ్లనుంచి వెనుకకాళ్లకు, గుండె మీదుగా పోతుంది. తడినేలలో గిట్టలకు చెప్పుల రక్షణ కూడా లేదు. మనుషులకు 50 వోల్టులు హద్దుగా తీసుకొనేచోట పశువులకు 25 వోల్టులే హద్దుగా పాటించే ఆనవాయితీ ఇందువల్లనే ఏర్పడింది. స్టే వైరుకు, ఎర్త్ పైపుకు గేదెను కట్టివేయడం, దిమ్మె చుట్టూ పెరిగిన పచ్చగడ్డి మేపడం ఎందుకు కూడదో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

గుంతలో నింపవలసినది

ఉప్పు, కట్టెబొగ్గు పొరలు పొరలుగా వేయడం చిరకాలంగా ఉన్న పద్ధతి. చల్కాలో నీరు త్వరగా ఇంకుతుంది కనుక ఉప్పు ఒకటి రెండు వానాకాలాల్లో కొట్టుకుపోతుంది, ఉన్నంతకాలం జి.ఐ. పైపు మీది జింకు పూతను తింటుంది. రేగడికి ఉప్పు అసలే అవసరం లేదు. చౌడు భూముల్లో అది ఉన్న రోగాన్ని పెంచడమే. అక్కడ చూడవలసినది నిరోధాన్ని కాదు, తుప్పును.

నీటిని పట్టి ఉంచే బెంటోనైట్ చల్కా గుంతకు మేలైన పూరకం. దానికీ రేగడి గుణమే ఉంది, పూర్తిగా ఎండితే బీటలిస్తుంది. ఒక్కటిగా కాక మట్టితో, జిప్సంతో కలపడం మంచిది. 75 పాళ్లు జిప్సం, 20 పాళ్లు బెంటోనైట్, 5 పాళ్లు సోడియం సల్ఫేట్ కలిపిన మిశ్రమం ఇంజినీర్లకు చాలాకాలంగా పరిచితం. జిప్సం లీటరు నీటిలో రెండున్నర గ్రాములకు మించి కరగదు. అందువల్ల ఉప్పులా ఒక్క వానకు పోక, ఏళ్లపాటు కొద్దికొద్దిగా అయాన్లనందిస్తుంది. చౌడు సవరణకు, వేరుశనగకు జిప్సం సిఫార్సు చేసే శాస్త్రవేత్తలకు ఈ గుణం కొత్తది కాదు.

చెరువు మట్టి కూడా పరిశీలించదగినది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతతో చల్కా పొలాలకు చెరువు మట్టి తోలుకొనే అలవాటు మళ్లీ బలపడింది. బంకమట్టి అధికంగా ఉండే ఆ ఒండ్రు చల్కాకు జలధారణశక్తినిచ్చినట్లే ఎర్త్ గుంతకూ ఇస్తుందని భావించడానికి శాస్త్రీయాధారం ఉంది. ఒకే చల్కా క్షేత్రంలో మామూలు మట్టి, ఉప్పు-బొగ్గు, చెరువు మట్టి, చెరువు మట్టి-జిప్సం నింపిన గుంతలు తీసి రెండేళ్లపాటు నెలనెలా నిరోధం, తేమ కలిపి కొలవడం స్నాతకోత్తర విద్యార్థికి చక్కని పరిశోధనాంశం. ఖర్చు స్వల్పం, కావలసినవి ఒక ఎర్త్ టెస్టరు, ఒక తేమ డబ్బా, ఒక ఓవెన్.

కొలవడం

నేల విశిష్ట నిరోధాన్ని కొలిచే నాలుగు చువ్వల పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ వెన్నర్ 1915లో ప్రతిపాదించాడు. సమదూరంలో గుచ్చిన నాలుగు చువ్వల్లో బయటి రెండింటిగుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. తరువాతి కాలంలో క్షేత్రంలోనే నేల లవణీయతను అంచనా వేయడానికి నేల శాస్త్రజ్ఞులు స్వీకరించినదీ ఈ పద్ధతినే. క్షేత్రంలో కొలిచిన వాహకత మీటరుకు 0.1 డెసి సీమెన్స్ అయితే విశిష్ట నిరోధం 100 ఓం-మీటర్లు, 0.5 అయితే 20. పదిని వాహకతతో భాగిస్తే చాలు. అయితే నేల ఆరోగ్య కార్డుమీది ఇ.సి. అంకెను ఈ విధంగా భాగించడం తప్పు. అది నీటిలో కలిపిన మట్టి ద్రావణపు వాహకత. ఎండిన పొలం తన సహజస్థితిలో చూపే వాహకత అంతకు చాలా తక్కువ. కార్డులోని అంకె ఎక్కడ తుప్పు భయముందో సూచిస్తుంది, ఎర్త్ ఎంత బాగుంటుందో చెప్పదు.

ఎర్త్ నిరోధాన్ని పొడి కాలంలో, పొడి రోజున, రెండేళ్లకొకసారైనా పరీక్షించాలని పాత 61వ నియమం విధించింది. దానిని రాసినవారికి నేల స్వభావం తెలుసుననిపిస్తుంది. ఆగస్టులో కొలిచిన 5 ఓంలకు అర్థం లేదు. ఈ మూడు జిల్లాల్లో కొలవదగిన సమయం ఏప్రిల్ రెండవ పక్షం. చల్కా పూర్తిగా ఎండి, రేగడి నెర్రెలిచ్చి, ఇంకా వాన పడని రోజులవి. అప్పటికి నాట్లు, కలుపు తొందరలు లేవు కనుక సరఫరా ఆపడానికి రైతులు అభ్యంతరపెట్టరు.

కొలత సిబ్బంది పని. రైతు కంటితో చూడదగినవి మాత్రం కొన్ని ఉన్నాయి: దిమ్మెనుంచి దిగే తీగలు నేలదాకా అఖండంగా ఉన్నాయా, బోల్టు దగ్గర తుప్పు పొడి రాలుతోందా, గట్టు చెక్కినప్పుడో కల్టివేటరు తగిలో పట్టీ బయటపడిందా. తెగిన ఎర్త్ తీగ కనిపిస్తే దాని రెండు కొసలనూ కలపడానికి ప్రయత్నించరాదు. ఆ రెండు కొసల మధ్య పూర్తి ఫేజు వోల్టేజి ఉండవచ్చు. ఎర్త్ తీగే కదా అన్న ధీమాతో పట్టుకొన్న చేయి ఆ దారిని పూర్తిచేస్తుంది. గుంతలో నీరు పోయడమూ సరఫరా ఆపించిన తరువాతనే. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రంలోనో, వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలోనో, గ్రామ రైతు వేదికల్లోనో యాసంగికి ముందు జరిగే శిక్షణలలో విత్తనం, ఎరువు, పురుగుమందు తరువాత ఒక అరగంట దీనికి కేటాయించి, లైన్‌మన్‌ను కూడా పిలిచి, దగ్గరలోని ఒక ట్రాన్స్‌ఫార్మర్ వద్ద సరఫరా ఆపి గుంత తెరచి చూపవచ్చు. పైపు ఎంత లోతుందో అప్పుడే అందరికీ తెలుస్తుంది.